చెడిపోని దీవి

దీవి,
పడవల రేవు పక్క గది

అక్కకి,

క్షేమంగా చేరాను. చేరకపోయినా పెద్ద నష్టమేం లేదు.

మీ టూర్ల కంపెనీ కరపత్రం మీద ఏమని అచ్చేశారు? "మనసు దోచే చెడిపోని దీవి". పడవలో ఆ ముక్క పైకి చదివితే పడవాయన చుక్కాని వదిలేసి నా మొహం చూశాడు. "చెడిపోకపోవడమేంటండీ, అదేమన్నా పాలా?" అన్నాడు. నాకు సిగ్గేసింది. నా సొంత అక్క కూర్చునే ఆఫీసులోంచి వచ్చిన మాట అది. చెడిపోవడం గురించి మీరు నాకు చెప్పేదేమిటి? మీసాలు రాకముందు నుంచీ కోల్డ్ రూములు బాగుచేసుకుంటూ బతుకుతున్నాను. పాలు చెడతాయి, చేపలు చెడతాయి, మందులు చెడతాయి, కాస్త డబ్బు తగిలితే మనుషులూ చెడతారు. దీవి ఎలా చెడుతుందో మీ మేనేజరే చెప్పాలి.

"ఒరేయ్, నీ స్నేహితులు ముగ్గురూ వెళ్తున్నారు, నువ్వూ వెళ్ళు. తిరిగినట్టూ ఉంటుంది, అక్కడ కోల్డ్ రూము పెట్టడానికి వీలవుతుందో లేదో మా కంపెనీకి చెప్పినట్టూ ఉంటుంది" అన్నావు. నీ మాట నమ్మడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. వచ్చాను.

ఆ ముగ్గురి సంగతి విను. స్కూలు రోజుల్లో మన మెట్ల మీద పడి ఉండేవాళ్ళే, బుద్ధి అక్కడే వదిలేసి ఒళ్ళు మాత్రం పెంచుకున్నారు. సొరకాయ ఇప్పుడు ఇళ్ళ స్థలాలు అమ్ముతున్నాడు కాబట్టి వాడి కోతలకి గిరాకీ కూడా ఉంది. పడవ ఒడ్డు తాకకముందే చేతులు చాచి "స్వర్గంరా!" అని అరిచాడు. ఆ వెంటనే "ఛార్జింగ్ ఎక్కడ పెట్టుకోవాలి?" అనడిగాడు. డాక్టరు ఎండకి చర్మం పాడవుతుందని ఒళ్ళంతా తెల్లటి క్రీము పూసుకుని సున్నం కొట్టిన గోడలా తిరుగుతున్నాడు. తుమ్ముగాడు బ్యాంకులో పెద్ద ఆఫీసరే గానీ ఇంటి నుంచి తలగడ మోసుకొచ్చాడు. రేవు అని పేరే, దిగాలంటే మోకాలి లోతు నీళ్ళలోకి దూకాలి. వాడు తుమ్మాడు, తలగడ నీళ్ళలో పడింది. దాన్ని పట్టుకోబోయి నన్ను తోశాడు, నా చెప్పు ఒకటి సముద్రం పాలైంది. ఒంటి చెప్పుతో దీవిలో అడుగు పెట్టాను.

ఇక్కడ ఫోను పనిచెయ్యదు. వారానికోసారి సరుకుల పడవ వస్తుంది, ఉత్తరాలు దాంట్లోనే. కాబట్టి నా కోడిగీతలు చదువుకునే శిక్ష నీకు తప్పదు. చూడాల్సింది చూసి, తొందరగా ఈ పీడ వదిలించుకుని వస్తాను.

నీ తమ్ముడు

*

ఇల్లు,
ఆదివారం పొద్దున్న, వంటింటి బల్ల మీద నుంచి

తమ్ముడికి,

ఉత్తరం అందింది. నువ్వు పోగొట్టుకున్న చెప్పుకి మీ బావ సంతాపం తెలియజేయమన్నారు.

ముందు ఒక సంగతి తెలుసుకుని తర్వాత నోరు పారేసుకో. "చెడిపోని దీవి" అన్నది నేను రాసిన మాట కాదు. నేను "చెక్కుచెదరని దీవి" అని రాశాను. మా మేనేజరు దాన్ని కొట్టేసి, ఎర్ర సిరాతో "చెడిపోని" అని దిద్ది, కుర్చీలో వెనక్కి వాలి "చూశారా, ఎంత కొత్తగా ఉందో!" అన్నాడు. కొత్తగానే ఉందండీ, ఇంతవరకు ఎవరూ ఇంత బుద్ధి తక్కువగా అనలేదు అని నోటిదాకా వచ్చింది, మింగేశాను. ఆ మనిషికి బొమ్మలు తప్ప అక్షరాలు కనబడవు. ఏ కరపత్రమైనా సరే, బొమ్మ నిటారుగా ఉంటే సంతకం పెట్టేస్తాడు. జీవితంలో వాడు సొంతంగా కనిపెట్టిన మాట అదొక్కటే. పిల్లని పెళ్ళికి ముస్తాబు చేసినట్టు దాన్ని ప్రతి కాగితం మీదా ఊరేగిస్తున్నాడు.

ఇప్పుడు అసలు సంగతి. నేను ఇన్నేళ్ళుగా జిరాక్స్ మిషను పక్క బల్ల మీద కూర్చుని ఎవరెవరి తప్పులో దిద్దుతున్నాను. నా తర్వాత వచ్చినవాళ్ళంతా కిటికీ ఉన్న గదుల్లోకి వెళ్ళిపోయారు. ఈ దీవికి నెలనెలా జనాన్ని పంపడం మొదలైతే దానికో కొత్త విభాగం పెడతారు. దానికి నన్ను హెడ్డుగా వేస్తామని మేనేజరు నలుగురి ముందు అన్నాడు. లేకపోతే ఆ కుర్చీ వాడి మేనల్లుడిది. ఆ అబ్బాయికి పని రాదు, దువ్వెన వాడటం మాత్రం వచ్చు.

జనం వెళ్ళాలంటే అక్కడ తిండి నిలవుండాలి, తిండి నిలవుండాలంటే కోల్డ్ రూము కావాలి. అది వీలవుతుందని నువ్వు రాసిస్తే చాలు. నీకు పెళ్ళి చేసుకోమంటే ఫ్రిజ్‌ని చేసుకున్నావు. కనీసం ఆ కాపురం వల్ల నాకైనా ఒక మేలు జరగనీ. ఆ ముగ్గురినీ నేను అడిగానని చెప్పకు. చెప్తే తిరిగొచ్చాక మా ఇంటికొస్తారు.

అక్క

*

దీవి

అక్కకి,

నీ కుర్చీ విషయం అర్థమైంది. కానీ నేను చూసింది చూసినట్టు చెప్పాలి కదా.

ఇక్కడ ఉన్నది గుప్పెడు ఇళ్ళు. ఈ మనుషుల తెలివి చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. రేపటికి అంటూ ఏదీ ఉంచరు. పొద్దున చేపలు పడతారు, తినగలిగినంత తింటారు, మిగిలింది పక్కింటికిస్తారు, వాళ్ళకీ ఎక్కువైతే ఆ పక్కింటికి. ఎక్కువ పడితే ఎండబెట్టుకోవచ్చు కదా, ఉప్పు వెయ్యొచ్చు కదా అన్నాను. పడవాయన భార్య నన్ను పైనుంచి కిందికి చూసి "సముద్రం రేపు సెలవు పెడుతుందా?" అంది. మా నలుగురికీ వండిపెట్టేది ఆవిడే. మేం తినడం చూస్తే ఆవిడకి పశువుల పాక గుర్తొస్తుందనుకుంటాను, అలా నిలబడుతుంది. ఇలాంటివాళ్ళే ఊరినిండా ఉంటే నా షాపు ఎప్పుడో మూతపడేది.

మనవాళ్ళ విషయానికొస్తే, ఇక్కడి ప్రశాంతతని అనుభవించాలని సొరకాయ పొద్దున లేవగానే స్పీకరు పెట్టి పాటలు వేస్తున్నాడు. ఒడ్డంతా అడుగులేసి కొలుస్తున్నాడు. ఏంట్రా అంటే "ఇక్కడ ఇరవై గదులు, అక్కడ ఈత కొలను" అన్నాడు. సముద్రం పక్కన ఈత కొలను ఎందుకురా అంటే నన్ను జాలిగా చూశాడు. డాక్టరు కనిపించినవాళ్ళందరి చర్మం పట్టుకుని చూసి, అడక్కుండానే మందులు చెప్తున్నాడు. అందరి చర్మమూ వాడిదానికంటే బాగుంది. తుమ్ముగాడు తలగడని చెట్టుకి ఆరేసి, దాని కింద కూర్చుని కాపలా కాస్తున్నాడు.

ఇక కోల్డ్ రూము. చెయ్యలేం. కారణం సులువు. యంత్రం వేడెక్కకుండా దాని గొట్టాల్లో మంచినీళ్ళు తిరగాలి. ఉప్పు కలిసిన నీళ్ళు తిరిగితే గొట్టాల్ని తినేస్తాయి. ఇక్కడ దీవి నడుమ ఒక్క ఊట ఉంది. దాన్ని రుచి చూశాను. థూ, చేదు. ఆ నీళ్ళతో నువ్వు కాళ్ళు కూడా కడుక్కోవు. మీ మేనేజరుకి ఇదే చెప్పు.

వాళ్ళు ముగ్గురూ ఈ పడవకే వచ్చేస్తున్నారు. నేను ఇంకోసారి అంతా సరిచూసి వచ్చే పడవకి వస్తాను. పైపైన చూసి చెప్పానని మీవాళ్ళు అనకూడదు కదా.

నీ తమ్ముడు

*

ఇల్లు

తమ్ముడికి,

నీ ఉత్తరం చదివి వంట చెయ్యలేదు. మీ బావ ఆకలితో పడుకున్నారు. ఆయన శాపం నీకే తగలాలి.

వీలవదని రాయడానికి నీకు చెయ్యెలా వచ్చిందిరా? మేనేజరుకి చెప్తే "మీ తమ్ముడు పనిమంతుడేనా?" అన్నాడు. నా మొహం మీదే అన్నాడు. అక్కడ దువ్వెన బాబు పళ్ళికిలించాడు. పనిమంతుడేనండీ, ఊళ్ళో సగం కోల్డ్ రూములు వాడు బిగించినవే అని చెప్పి బయటికొచ్చి, మెట్ల మీద నిలబడి నిన్ను నోరారా తిట్టుకున్నాను. వేరే దారేదైనా చూడు. వాననీళ్ళు పట్టుకోవచ్చేమో. నువ్వే అంటావు కదా, వీలుకానిది ఉండదు, చేతకానివాడు ఉంటాడు అని.

ఇంకో మాట. వచ్చే పడవకి వస్తానన్నావు. ఆ పడవ వచ్చింది, నువ్వు రాలేదు, ఉత్తరమూ రాలేదు. నీ షాపు ముందు జనం నిలబడి మా ఇంటికొస్తున్నారు. మందుల కొట్టాయన రెండుసార్లు వచ్చాడు. వాడి ఫ్రిజ్ మోగడం ఆగదట, నేను బాగుచెయ్యాలా? "తొందరగా ఈ పీడ వదిలించుకుని వస్తాను" అని రాశావు, ఆ పీడలో ఇంకా ఏం వెలగబెడుతున్నావు?

అక్క

*

దీవి

అక్కకి,

ఒంట్లో బాగాలేక రాలేదు. అంటే బాగానే ఉంది. పడవలో చోటు లేదు. ఉందనుకో, కానీ కోడిపిల్లల బుట్టల పక్కన. వాటి పక్కన కూర్చుని వచ్చేంత గతిలేనివాణ్ణి కాదు.

ఇక్కడ చూడ్డానికేం లేదు. గాలి వీస్తుంది, ఆగుతుంది. మళ్ళీ వీస్తుంది. పొద్దున్నే పడవలు వెళ్తాయి, ఎండెక్కేసరికి వస్తాయి. పడవాయనకి పేకాట పిచ్చి, పైగా ముక్కలు కాళ్ళ కింద దాస్తాడు. నాకు తెలిసిపోయిందని వాడికీ తెలుసు, అయినా సిగ్గుపడడు. వాడి భార్య నాకు ఒక చెప్పు ఇచ్చింది. అది ఎడమ కాలిది, నాకు పోయింది కుడి కాలిది. ఇప్పుడు రెండూ ఎడమవే. అలాగే నడుస్తున్నాను. అందరూ చూసి నవ్వుతారు. ఇక్కడి పిల్లలకి వేరే పనేం లేదు.

వాననీళ్ళ గురించి అడిగావు. చాలవు. ఊట చేదే. మళ్ళీ చూశాను, చేదే. ఇంకోసారి చూసినా అంతే.

మందుల కొట్టాయన్ని కంప్రెసరు కింద రబ్బరు మార్చమను. నాకు ఆ మోత గురించి రాయకు.

నీ తమ్ముడు

*

ఆఫీసు,
జిరాక్స్ మిషను పక్క నుంచి

ఒరేయ్,

ఇవాళ నీ ముగ్గురు వీరులూ ఊడిపడ్డారు. తిన్నగా మేనేజరు గదిలోకే వెళ్ళారు. నన్ను చూసి "అక్కా!" అని వంగి నమస్కారం పెట్టి, నా నెత్తి మీదుగానే లోపలికి నడిచారు. సొరకాయ ఫోనులో బొమ్మలు చూపించి, బల్ల మీద చేత్తో గదులు కట్టేశాడు. గదులు తను కడతాడట, జనాన్ని మా కంపెనీ పంపాలట. డాక్టరు ఆ గాలికి చర్మం ఎలా మెరుస్తుందో చెప్పాడు. తుమ్ముగాడు తుమ్మాడు.

అన్నీ అయ్యాక డాక్టరు సంచిలోంచి ఒక సీసా తీసి బల్ల మీద పెట్టాడు. "ఊట నీళ్ళండీ, తాగి చూడండి" అన్నాడు. మేనేజరు గ్లాసులో పోసుకుని తాగాడు. కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ పోసుకున్నాడు. తర్వాత నన్ను పిలిచి, గ్లాసు నా చేతికిచ్చి, "మీ తమ్ముడు చేదన్నాడే" అన్నాడు.

తాగాను. అంత తియ్యటి నీళ్ళు నేను ఎక్కడా తాగలేదురా.

అందరూ నన్నే చూస్తున్నారు. దువ్వెన బాబు గుమ్మం దగ్గర నిలబడి వింటున్నాడు. "వాడికి ఆ రోజు నోరు బాగాలేదేమో" అన్నాను. మేనేజరు నవ్వాడు. కోల్డ్ రూముకి అడ్డేం లేదన్నమాట అన్నాడు. నీ సలహాతో ఇక పనిలేదని, కావాలంటే ఇంకో మెకానిక్కుని పంపుతానని అన్నాడు. ఊళ్ళ నుంచి టికెట్లు అమ్మే ఏజెంట్లని పిలిచి పెద్ద సభ పెడుతున్నాడు. కొత్త కరపత్రం నేనే తయారు చెయ్యాలి. సభలో నా పేరు చెప్పి కుర్చీ నాకే ఇస్తాడట.

నేను సంతోషంగా నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాను. అప్పుడు గుర్తొచ్చింది. నాన్న మిఠాయి పొట్లం తెస్తే నువ్వు ముందు నాకి చూసి, మొహం ముడిచి, "థూ, చేదు" అనేవాడివి. నేను వెర్రిదాన్ని, నా వంతు కూడా నీకే ఇచ్చేసేదాన్ని. తలుపు వెనక దాక్కుని రెండు వంతులూ లాగించేవాడివి. అమ్మ పట్టుకుని చితకబాదేదాకా నాకు తెలియనే లేదు. నీకు నచ్చిన దేన్నీ నువ్వు బాగుందని అనగా నేను వినలేదు.

నెత్తి నెరిశాక కూడా అక్క దగ్గర అదే వేషమా? ఆ దీవి నీకు నాన్న తెచ్చిన మిఠాయా? దాన్ని నువ్వొక్కడివే తలుపు వెనక తింటావు, నేను ఈ మిషను పక్కనే ముసలిదాన్నవ్వాలి. అంతేనా? పైగా అక్కడివాళ్ళకి కోల్డ్ రూము వద్దని నువ్వెవడివిరా చెప్పడానికి? నిన్ను ఆ దీవికి పెద్దమనిషిని చేసిందెవరు? రెండు ఎడమ చెప్పులవాడా, సమాధానం చెప్పు.

అక్క

*

దీవి

అక్కా,

దొరికిపోయాను. డాక్టరు సీసా పట్టుకెళ్తాడని అనుకోలేదు. వాడికి క్రీము తప్ప వేరే దేనిమీదా శ్రద్ధ లేదని తక్కువ అంచనా వేశాను.

చెప్తాను, నవ్వకు. నీకు తెలుసు కదా, నా చెవుల్లో ఎప్పుడూ ఒక మోత. కంప్రెసర్ల మధ్య పెరిగినవాడికి అది మామూలే అనుకున్నాను. అన్నం తింటున్నా అదే, నువ్వు మాట్లాడుతున్నా దాని మీద నుంచే వినేవాణ్ణి. అందరికీ అలాగే ఉంటుందనుకున్నాను. నీకు చేదని రాసేముందు, ఒక పొద్దున సొరకాయ ఇంకా లేచి స్పీకరు పెట్టకముందే ఊట దగ్గర కూర్చుని నీళ్ళు తాగుతుంటే గుటక వినిపించింది. నా గుటకే. ముందు ఎవరో పక్కనున్నారనుకుని వెనక్కి తిరిగి చూశాను. మోత ఆగిపోయింది. అక్కడే కూర్చుని ఏడ్చాను. ఎందుకో అడగకు, ఏడ్చాను అంతే.

కోల్డ్ రూము పెడితే ఆ మోతని పడవెక్కించి తెచ్చి, నా చేతుల్తో ఇక్కడ బిగించేది నేనే. ఇన్నాళ్ళూ ఎక్కడ బిగించమన్నా బిగించాను. ఇది నా వల్ల కాలేదు.

ఇక్కడివాళ్ళని అడక్కుండా చెప్పడానికి నువ్వెవడివి అన్నావు. ముందు అడగలేదు, నిజమే. నీ ఉత్తరం చూశాక వెళ్ళి అడిగాను. పడవాయన ఐసు వస్తే బాగానే ఉంటుంది, చల్లటి సోడా తాగొచ్చు అన్నాడు. వాడి భార్య చేటలో బియ్యం ఏరుకుంటూ "దాంతో పాటు ఎవరొస్తారు?" అంది. మాలాంటివాళ్ళు నెలకి రెండు మూడు వందలమంది అన్నాను. ఆవిడ చేట కింద పెట్టింది. "నలుగురికే నా నడుం పడిపోయింది. ఒకడు వెళ్ళకుండా ఇంకా ఇక్కడే ఉన్నాడు" అంది. తర్వాత మొగుడి వైపు చూసి "నీకు సోడా కావాలా?" అనడిగింది. వాడు వద్దన్నాడు. ఇక ఎవరినీ అడగాల్సిన పని పడలేదు.

మీ మేనేజరు మాట ఎంత చచ్చు మాటో అని నవ్వాను కానీ, అక్కా, ఇది నిజంగా చెడిపోని దీవే. చెడిపోయేదాకా ఇక్కడ ఏదీ ఉంచరు. వాడు గుడ్డిగా విసిరితే తగిలింది.

అయినా కుర్చీ నీది. నువ్వు దానికోసం ఎంత చూశావో నాకు తెలుసు. నేను దీవి దాచుకుని నీ కుర్చీ లాగేస్తే మళ్ళీ తలుపు వెనక కూర్చున్నట్టే. ఇంకో మెకానిక్కుని పంపొద్దను. వాడు పాడుచేస్తాడు. నువ్వు ఒక్క మాట రాయి, వచ్చి సామాను తీసుకెళ్ళి నేనే బిగిస్తాను. నీ మీద కోపం పెట్టుకోను. పెట్టుకున్నా బయటికి చెప్పను.

నీ తమ్ముడు

*

ఇల్లు

తమ్ముడికి,

సభ అయిపోయింది. మొదటి నుంచీ చెప్తాను, మధ్యలో అడ్డురాకు.

నీ ఉత్తరం ఆఫీసులోనే చదివాను. పక్కన జిరాక్స్ మిషను తిరుగుతోంది. ఇన్నేళ్ళుగా దాని పక్కనే ఉన్నాను, అది చప్పుడు చేస్తుందని నాకు ఎప్పుడూ అనిపించలేదు. నీ మాట చదివాక వినిపించింది. ఇక ఆగలేదు. నీకు పుణ్యముంటుంది, నీ రోగం నాకు అంటించావు.

కరపత్రం చివరి కాపీ నా ముందే ఉంది. నడిమధ్యలో పెద్ద అక్షరాలతో "చెడిపోని దీవి". నా చేతి మీదుగా ఇన్నేళ్ళలో ఒక్క అచ్చుతప్పు పోలేదని నీకు తెలుసు, మేనేజరుకీ తెలుసు. నేను చేసిందల్లా ఇంతే. 'ని' నెత్తి మీద ఉన్న గుడి తీసేశాను. దాని ముందు ఒక 'య' తెచ్చి నిలబెట్టి, ఆ గుడి దాని నెత్తిన పెట్టాను. బొమ్మ నిటారుగానే ఉంది. మేనేజరు సంతకం పెట్టాడు.

సభలో కాగితాలు పంచారు. ఏజెంట్లు బొమ్మలు చూసి తలలూపుతున్నారు, ఎవరూ చదవలేదు. అప్పుడు సొరకాయ కొత్త కోటు వేసుకుని మైకు ముందుకొచ్చాడు. గొంతు సవరించుకుని, చెయ్యి పైకెత్తి, గోడలు అదిరేలా చదివాడు. "రండి! చూడండి! మనసు దోచే... చెడిపోయిన దీవి!"

ఎవరో కిసుక్కుమన్నారు. వెనక వరసలో ఒకాయన "ఏం చెడిందండీ అక్కడ?" అనడిగాడు. వేరేవాడైతే అచ్చుతప్పు అని దాటేసేవాడు. సొరకాయ తప్పు ఒప్పుకుంటాడా? "ఎంత చెడిపోయినా సరే, మేం బాగుచేసి చూపిస్తాం!" అన్నాడు. దాంతో నిజంగానే ఏదో చెడిందని అందరికీ ఖాయమైపోయింది. గుసగుసలు మొదలయ్యాయి. ఇక డాక్టరు ఆదుకోవడానికి లేచాడు. "భయపడాల్సిందేం లేదు, అక్కడివాళ్ళ చర్మం నేను స్వయంగా పరీక్ష చేశాను, అంటువ్యాధులేం కనబడలేదు" అన్నాడు. అంటువ్యాధి అన్న మాట వినగానే ముందు వరసవాళ్ళు కాగితాలు కుర్చీల కింద పడేశారు. సరిగ్గా అప్పుడు తుమ్ముగాడు తుమ్మాడు. వాడు అంత గట్టిగా తుమ్మడం నేనెప్పుడూ వినలేదు. పక్కనున్నవాళ్ళు కుర్చీలు జరుపుకున్నారు.

మా డైరెక్టరు లేచి, మేనేజరుని దగ్గరికి పిలిచి, "ఆ దీవి పేరు ఇంకెప్పుడూ నా ముందు ఎత్తకు" అన్నాడు. ఈసారి కొండలకి పంపుదామన్నాడు. పాపం కొండలు.

మేనేజరు నా మీద విరుచుకుపడ్డాడు. ఎవరు చేశారిది అన్నాడు. నేనేనండీ, పొరపాటు జరిగింది అన్నాను. డైరెక్టరు కాగితం చూసి, "సంతకం నీదే కదయ్యా" అన్నాడు. మేనేజరు నోరు మూతపడింది. ఇంతకాలం ఆ నోరు మూతపడటం చూద్దామని ఎదురుచూశాను, చూశాను.

కుర్చీ పోయింది. విభాగమే లేదు కాబట్టి మేనల్లుడికీ రాలేదు, అదొక్కటే సుఖం. నన్ను రాత పని నుంచి తీసేసి టికెట్ల కిటికీ దగ్గర వేశారు. ఇంటికొచ్చి స్నానాల గదిలో కుళాయి తిప్పి ఏడ్చాను. ఆ కుర్చీ నాకు కావాలిరా. నాకు అది చాలా కావాలి. ఇదంతా నీ మీద ప్రేమతో చేశానని విర్రవీగకు. ఆ మేనేజరు ఆ ఒక్క మాటతో అంత ఎత్తుకి ఎగరడం నాకు చూడబుద్ధి కాలేదు, అంతే. మీ బావ మాత్రం తలుపు బయటి నుంచి "కిటికీ ఉన్న గది అడిగావు, కిటికీ అయితే వచ్చింది కదా" అన్నారు. తలుపు తీసి చెంబుడు నీళ్ళు కొట్టాను.

ఇప్పుడు నీ సంగతి. నా వంతు మిఠాయి చిన్నప్పుడు తిన్నావు. ఈసారి కుదరదు. సెలవు పెట్టాను. ఈ ఉత్తరం వెళ్ళిన తర్వాతి పడవకి వస్తున్నాను. ఆ నీళ్ళు గ్లాసులో కాదు, ఊటలో తాగాలి. నా గుటక నాకూ వినిపిస్తుందేమో చూస్తాను. ఆ తర్వాత చెవి పట్టుకుని నిన్ను షాపుకి లాక్కొస్తాను. మందుల కొట్టాయన మా గుమ్మం అరిగిపోయేలా తిరుగుతున్నాడు.

అక్క

*

దీవి

అక్కకి,

రావద్దు.

ఇక్కడ ఏమీ లేదు. గాలి చేదు, చేపలు చేదు, నీళ్ళయితే చెప్పనే అక్కర్లేదు. ఇంకొకరు వస్తున్నారని చెప్తే పడవాయన భార్య నడుం పట్టుకుని కూలబడింది. ఆడమనిషి, మా అక్క అన్నాను. "నీలాగే తింటుందా?" అంది. ఇంకా ఎక్కువ అన్నాను. లేచి లోపలికెళ్ళి నీకోసం గది ఊడ్చింది.

ఊట దగ్గర కూర్చోడానికి ఒక రాయి ఉంది. ఒకరికే సరిపోయేది. నిన్న పడవాయనా నేనూ ఇంకోటి దొర్లించుకొచ్చి పక్కన వేశాం. ఊరికే, చేతులు ఖాళీగా ఉండి.

మళ్ళీ చెప్తున్నాను, ఇంత చేదు చోటు నువ్వు చూసి ఉండవు. దిగేటప్పుడు చెప్పులు చేత్తో పట్టుకో. నీళ్ళు మోకాళ్ళ దాకా ఉంటాయి. నేను కింద నిలబడి ఉంటాను.

నీ తమ్ముడు